పొదుగు మీదున్న పెట్ట, చీకట్లో గంప

(జూన్ 29, జాతీయ గణాంక దినోత్సవం నాడు ఒక డిగ్రీ కళాశాల గణాంక శాస్త్ర విభాగంలో విశ్రాంత అధ్యాపకుడు ఒకరు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినబడుతోందా? సరే, ఆ ఫ్యాను ఒక్కటి కాస్త తగ్గించండి, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

ఇవాళ మహలనోబిస్ గారి పుట్టినరోజు. 1893లో పుట్టారు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలు కావడానికి ఆయనే మూలం. 2007 నుంచి ఈ తేదీని గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. మామూలుగా ఈ రోజున పిలిచినవాళ్లు ఆయన జీవిత విశేషాలు నాలుగు చెప్పి, ఫొటోకి దండ వేసి, టీ తాగి వెళ్లిపోతారు. దండ ఇందాకే వేశాను. ముప్పై ఏళ్ల పైన పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, చేతికి మైకూ చాక్‌పీసూ రెండూ ఇస్తే ఊరుకోలేను. పాఠమే చెబుతాను.

ముందు మీకో ప్రశ్న. ఒక ఊళ్లో వరి దిగుబడి మీద శాంపిల్ తీశాం. ఎకరానికి సగటు దిగుబడికి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే శాంపిల్ నుంచి ఆ సగటుకు కట్టే కింది హద్దూ పై హద్దూ, 19 బస్తాల నుంచి 33 బస్తాల దాకా వచ్చింది. దీని అర్థం ఏమిటి? చెప్పమ్మా, నువ్వే. ఆ... "ఊరి అసలు సగటు 19కీ 33కీ మధ్య ఉండడానికి 95 శాతం సంభావ్యత ఉంది." ఇంకెవరైనా వేరేగా చెబుతారా? లేదు. అందరూ తలలూపుతున్నారు. తెలుగు మీడియం పుస్తకాల్లో విశ్వాస్యతా అంతరం అని ఒక బరువైన పేరు పెట్టి, చివర్లో ఇదే వాక్యం రాస్తే పిల్లలు బట్టీ పడతారు. నేనూ బట్టీ పట్టాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఇదే వాక్యం అప్పజెప్పాను. బోర్డులో ఉన్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఊరి సగటు ఏమన్నా అటూ ఇటూ తిరుగుతుందా బాబూ?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఊరి సగటు తిరగదు. ఈ సీజన్లో ఆ ఊళ్లో పండిన ధాన్యం ఎంతో అంత. దాన్ని ఊళ్లో ఉన్న వరి విస్తీర్ణంతో భాగిస్తే ఒకే ఒక్క అంకె వస్తుంది. అది మనకు తెలియదు, అంతే. మరి తిరిగేది ఏమిటి? అది తెలియాలంటే చేలోకి దిగాలి.

మీలో రైతుల పిల్లలు చాలామందే ఉంటారు. పంట కోత ప్రయోగం ఎప్పుడైనా చూశారా? రెండు మూడు చేతులు లేచాయి. చూడనివాళ్ల కోసం చెబుతాను. ఊళ్లో కొన్ని సర్వే నంబర్లను ర్యాండమ్‌గా ఎంచుతారు. ఆ చేనికి వెళ్లి నైరుతి మూల నుంచుంటారు. వాస్తు కోసం కాదు లెండి, ఎక్కడో ఒక చోట మొదలుపెట్టాలి కదా, అందరూ ఒకేచోట మొదలుపెట్టాలని పెట్టిన రూలు. అక్కణ్ణుంచి పొడవు వైపు ఒక ర్యాండమ్ సంఖ్య, వెడల్పు వైపు ఇంకో ర్యాండమ్ సంఖ్య తీసి, అన్ని అడుగులు చేను లోపలికి నడిచి, అక్కడ మొదటి మేకు కొడతారు. వరికి మామూలుగా 5 మీటర్లకు 5 మీటర్ల చదరం. నాలుగు మేకులు కొట్టి తాడు బిగిస్తే చదరం వచ్చినట్టు కాదు, ఒక పక్కకు వాలిపోయి ఉండొచ్చు. అందుకని ఎదురెదురు మూలల మధ్య టేపు పెట్టి చూస్తారు. 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలి. పైథాగరస్ సిద్ధాంతం బురదలో దిగేది అక్కడే. తర్వాత లోపలి పంట కోసి, పట్టా మీద నూర్చి, తూర్పారబట్టి, కాటా వేసి, ఆ బరువు ఫారంలో రాస్తారు.

పంటల బీమాలో గ్రామం యూనిట్‌గా ఉంటే ముఖ్యమైన పంటకు ఊరికి కనీసం నాలుగు ప్రయోగాలు చేయాలని నిబంధన. నాలుగే. ఊరంతటి దిగుబడిని తేల్చేది నాలుగు చదరాలు.

సరే, నాలుగు బరువులు బోర్డు మీద వేస్తున్నాను. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు, ఏ ఊరివీ కావు. 11.2, 13.5, 9.8, 14.3 కిలోలు. కూడితే 48.8. నాలుగుతో భాగిస్తే 12.2 కిలోలు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు, మన చదరం 25. అంటే ఎకరంలో ఇలాంటి చదరాలు దాదాపు 162. 12.2ని 162తో గుణిస్తే 1,976 కిలోలు. 75 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 26 బస్తాల పైచిలుకు. తడి ధాన్యం ఎండాక తగ్గే బరువు సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.

ఈ 26 బస్తాలు శాంపిల్ సగటు. రేపు ఇంకో నలుగురు రైతుల చేలు వస్తే ఇది 24 కావచ్చు, 29 కావచ్చు. ఇదీ తిరిగే అంకె. ఊరి సగటు కూర్చున్నచోటే కూర్చుంటుంది, శాంపిల్ సగటు దాని చుట్టూ గంతులేస్తుంది. ఎంత దూరం గంతేస్తుందో చెప్పేది స్టాండర్డ్ ఎర్రర్.

మన నాలుగు బరువుల్లో ఒక్కోటీ సగటుకు ఎంత దూరమో చూడండి. మైనస్ 1.0, ప్లస్ 1.3, మైనస్ 2.4, ప్లస్ 2.1. వర్గాలు చేసి కూడితే 12.86. మూడుతో భాగించి వర్గమూలం తీస్తే 2.07. ఇది స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఒక చదరానికీ ఇంకో చదరానికీ మామూలుగా ఉండే తేడా. దీన్ని నాలుగు వర్గమూలంతో, అంటే రెండుతో భాగిస్తే 1.035. ఇది స్టాండర్డ్ ఎర్రర్. మొదటిది చేల గురించి చెబుతుంది. రెండోది మన సగటు గురించి చెబుతుంది. పరీక్షల్లో ఈ రెంటినీ కలిపేసి రాసిన పేపర్లు నేను దిద్దినవి వందల్లో ఉంటాయి.

ఇప్పుడు చాలామంది 95 శాతం కోసం ఈ ఎర్రర్‌ను 1.96తో గుణించేస్తారు. ఆ సంఖ్య మీకు నోటికి వచ్చినంతగా మీ ఇంటి పిన్‌కోడ్ కూడా రాదు. గుణిస్తే సగటుకు అటూ ఇటూ రెండు కిలోలు వస్తుంది. బస్తాల్లో 22 నుంచి 31 దాకా. చూడ్డానికి బాగానే ఉంది. కానీ 1.96 వాడాలంటే చేల మధ్య తేడా ఎంతో ముందే కచ్చితంగా తెలిసి ఉండాలి. మనం ఆ తేడాను కూడా ఈ నాలుగు చదరాల నుంచే లాగాం. నాలుగు చదరాలు మన అదృష్టం కొద్దీ దగ్గర దగ్గరగా వస్తే, తేడా తక్కువని మోసపోతాం.

ఈ మోసాన్ని పట్టుకున్నది ప్రొఫెసర్ కాదు, బీరు కంపెనీ ఉద్యోగి. డబ్లిన్‌లోని గిన్నిస్‌లో పనిచేసిన గాసెట్. బార్లీ మీద, బీరు మీద ప్రయోగాలంటే చేతికి నాలుగైదు అంకెల కంటే రావు. ఆయన 1908లో చిన్న శాంపిళ్లకు సరైన లెక్క కట్టి బయోమెట్రికా పత్రికలో వేశారు. కంపెనీ వాళ్లు సొంత పేర్లతో ప్రచురించనివ్వరు కాబట్టి 'స్టూడెంట్' అని సంతకం పెట్టారు. స్టూడెంట్స్ టీ టెస్ట్ అంటే స్టూడెంట్లకు పెట్టే టెస్ట్ అనుకున్నవాళ్లు మా బ్యాచ్‌లో కూడా ఉన్నారు, పేర్లు చెప్పను.

ఆ లెక్క నుంచి వచ్చిందే టీ పట్టిక. నాలుగు అంకెలకు అందులో 95 శాతానికి ఉన్న విలువ 3.182. దాన్ని 1.035తో గుణిస్తే 3.29 కిలోలు. 12.2కి అటూ ఇటూ వేస్తే 8.9 నుంచి 15.5. బస్తాల్లో 19 నుంచి 33. మొదట్లో మిమ్మల్ని అడిగిన అంకెలు ఇవే. గాసెట్ లేకపోతే మనం ఇదే నాలుగు చదరాలతో 22 నుంచి 31 అని ధీమాగా చెప్పుకుంటూ ఉండేవాళ్లం.

ఇక ఆ 95 దేనిది?

మా అమ్మమ్మ వాళ్లింట్లో కోళ్లు ఉండేవి. పొదుగు మీదున్న పెట్ట ఎలా ఉంటుందో తెలుసు కదా, గుడ్ల మీద కూర్చుంటే ఇక కదలదు. పెరట్లో ఎక్కడో గడ్డివాము పక్కన తనే చోటు చూసుకుని కూర్చునేది. రాత్రి పిల్లి రాకుండా దానిమీద గంప బోర్లించాలి. కరెంటు ఉండేది కాదు. అమ్మమ్మ చీకట్లోనే ఆ కొక్కొక్కు శబ్దాన్ని బట్టి అంచనా వేసి గంప మూసేది. నూటికి తొంభై అయిదు సార్లు పెట్ట గంప కిందే ఉండేదనుకోండి. ఆ 95 ఎవరిది? పెట్టదా? పెట్ట కదలదు కదా. ఆ 95 అమ్మమ్మ చేతిది, గంప వెడల్పుది.

గంప ఒకసారి నేల మీద పడ్డాక ఇక శాతాలు లేవు. కింద పెట్ట ఉంది, లేదా లేదు. తెల్లారాక గంప ఎత్తి చూస్తే అమ్మమ్మకు తెలుస్తుంది. మనకు ఆ భాగ్యం లేదు. ఊరంతా కోసి కాటా వేస్తే తప్ప మన గంప ఎత్తలేం. అందుకని మనం చెప్పగలిగింది ఇంతే: "19 నుంచి 33 అనే ఈ గంపను ఏ పద్ధతిలో వేశామో, ఆ పద్ధతి మళ్లీ మళ్లీ వాడితే నూటికి 95 సార్లు ఊరి సగటు గంప కిందికి వస్తుంది." పొడుగాటి వాక్యం, నిజమే. కానీ సరైన వాక్యం.

దీన్ని నేను క్లాసులో చీటీలతో ఆడించేవాణ్ణి. ఒక సంచిలో రెండు వందల చీటీలు, ఒక్కో దానిమీద ఒక బరువు. అన్నింటి సగటు నాకొక్కడికే తెలుసు, డైరీలో రాసి పెట్టుకునేవాణ్ణి. క్లాసులో నలభై మంది. ఒక్కొక్కరూ వచ్చి నాలుగు చీటీలు తీసి, రాసుకుని, మళ్లీ సంచిలో వేసి కలపాలి. తర్వాత ఎవరి ఇంటర్వల్ వాళ్లు కట్టాలి. నలభైలో అయిదు శాతం అంటే ఇద్దరివి తప్పాలి కదా. ఒక ఏడాది ఒక్కరిదే తప్పేది, ఇంకో ఏడాది ముగ్గురివి.

మొదటిసారి చేయించినప్పుడు ఒక తప్పు చేశాను. అది ఇప్పటికీ గుర్తుకొస్తుంది. అందరి ఇంటర్వల్సూ బోర్డు మీద గీశాను. మధ్యలో అసలు సగటు నిలువు గీత. ఒక అబ్బాయి గీత మాత్రం దానికి తగలకుండా కుడివైపు ఎక్కడో ఉంది. "లెక్క సరిగ్గా చేయడం రాదురా నీకు" అని అందరి ముందూ అనేశాను. పాపం ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం స్టాఫ్ రూముకి నోట్‌బుక్ పట్టుకొచ్చి, "ఒక్కసారి చూడండి సార్" అన్నాడు. రెండుసార్లు చూశాను. ఒక్క అంకె తప్పు లేదు. సంచిలోంచి నాలుగూ పెద్ద బరువులే వచ్చాయి, అంతే. లెక్క చేయడం వాడికి వచ్చు. పాఠం చెప్పే నాకే 95 అంటే ఏమిటో ఒంటికి పట్టలేదు. మర్నాడు క్లాసులో అదే చెప్పి, వాడి గీతను ఎర్ర చాక్‌పీసుతో మళ్లీ గీశాను. అయిదు శాతం అంటే తప్పు చేసినవాళ్లు కారు. అన్నీ సరిగ్గా చేసి కూడా గంప పక్కన పడ్డవాళ్లు. పైగా ఆ సంచి రహస్యం తెలియనంత కాలం తాను ఆ అయిదులో ఉన్నానని వాడికి తెలిసే దారి లేదు.

అమ్మమ్మ ఇంకా భద్రంగా ఉండాలనుకుంటే? పెద్ద గంప తెస్తుంది. 95 బదులు 99 శాతం. నాలుగు చదరాలకు అప్పుడు టీ విలువ 5.841. ఇంటర్వల్ 13 బస్తాల నుంచి 39 బస్తాల దాకా పోతుంది. ఎకరానికి 13కీ 39కీ మధ్య పండుతుందని చెప్పడానికి మనకెందుకమ్మా ఇంత చదువు? రావిచెట్టు కింద కూర్చున్న ఎవర్నడిగినా చెబుతారు. గంప పెంచకుండా గురి పెంచాలంటే ఒకటే దారి, చదరాలు పెంచాలి. చేల మధ్య తేడా అలాగే ఉండి, చదరాలు నాలుగు కాకుండా పదహారు అయితే 24 నుంచి 29 బస్తాలకు దిగుతుంది. అక్కణ్ణుంచి సగానికి తేవాలంటే మళ్లీ నాలుగు రెట్లు, అరవై నాలుగు చదరాలు. వర్గమూలం మన దగ్గర వసూలు చేసే వడ్డీ అది.

ఈ గంప ఎంత చిన్నది కాగలదు అనేదానికి హద్దు కట్టిన మనిషి మనవాడే. సి.ఆర్. రావు గారు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో, తెలుగు ఇంట్లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా వెళ్లి మహలనోబిస్ దగ్గర చేరారు. క్లాసులో పాఠం చెబుతుంటే దండేకర్ అనే విద్యార్థి, "పెద్ద శాంపిళ్లకు చెప్పిన ఈ ఫలితం చిన్న శాంపిళ్లకు కూడా చెప్పలేమా?" అని అడిగాడట. రావు గారు దాని మీద కూర్చుని నిరూపణ తెచ్చారు. 1945లో అచ్చయిన ఆ పేపరే ఈ రోజు క్రామర్–రావు హద్దు అని ప్రపంచమంతా చదువుతోంది. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు, అప్పటికి ఆయనకు నూట రెండేళ్లు. అదే ఏడాది ఆగస్టులో వెళ్లిపోయారు. అడిగింది విద్యార్థి అన్న సంగతి మీరు గుర్తు పెట్టుకోండి, చివర్లో ప్రశ్నల సమయంలో బెదరొద్దు.

'కాన్ఫిడెన్స్' అనే ఈ పేరు పెట్టిన గణాంక శాస్త్రవేత్త నేమన్ పోలండ్ మనిషి. 1934లో లండన్‌లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీలో ఈ ఆలోచన వినిపిస్తే, చర్చలో బౌలీ అనే పెద్ద ప్రొఫెసర్ ఇది 'కాన్ఫిడెన్స్ ట్రిక్' కాదని తనకు నమ్మకం కుదరడం లేదన్నారు. కాన్ఫిడెన్స్ ట్రిక్ అంటే మనం చెప్పుకునే నమ్మించి టోపీ పెట్టడం. మూడేళ్ల తర్వాత 1937లో నేమన్ సిద్ధాంతమంతా పూర్తిగా రాశారు. కాబట్టి మీకు మొదటిసారి వినగానే ఇది గారడీలా అనిపిస్తే సిగ్గుపడక్కర్లేదు, మహామహులకే అనిపించింది. కొందరు బేయీజియన్ పద్ధతి ఉంది కదా, అందులో "95 శాతం సంభావ్యత" అనొచ్చు కదా అంటారు. అనొచ్చు. దానికి చేలోకి దిగకముందే ఊరి సగటు గురించి మన అంచనా కాగితం మీద పెట్టాలి. అది వేరే పాఠం, వేరే గంప.

ఒకసారి ఊళ్లో ఇదంతా చెబుతుంటే ఒక రైతు లేచి, "నా చేలో 38 బస్తాలు అయ్యాయండీ, మీ 33 తప్పు" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. 19 నుంచి 33 అన్నది చేల గురించి కాదు, చేల సగటు గురించి. ఒక్కో చేను 38 ఉండొచ్చు, ఇంకోటి 14 ఉండొచ్చు. చదరాలు పెంచేకొద్దీ గంప సన్నబడుతుంది, చేల మధ్య తేడా మాత్రం ఎక్కడికీ పోదు. అరవై నాలుగు చదరాలు వేస్తే ఇంటర్వల్ 25 నుంచి 27 బస్తాల దగ్గరికి వస్తుంది. ఊళ్లో చాలా చేలు అప్పుడు ఇంటర్వల్ బయటే ఉంటాయి.

ఇంకో అపోహ, ఇది ఎమ్మెస్సీ వాళ్లలో కూడా ఉంటుంది. "రేపు ఇంకో శాంపిల్ తీస్తే దాని సగటు ఈ ఇంటర్వల్‌లో పడడానికి 95 శాతం అవకాశం" అంటారు. పెద్ద శాంపిళ్లలో లెక్క కడితే అది సుమారు 83 శాతమే. ఎందుకంటే మన గంపే కాస్త పక్కన పడి ఉంటుంది, రేపటి సగటు కూడా ఇంకో పక్కకు గంతేస్తుంది. రెండు గంతులు కలుస్తాయి.

బీమా సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. హామీ దిగుబడి ఎకరానికి 28 బస్తాలు అనుకోండి. మన శాంపిల్ సగటు 26.3. తక్కువ వచ్చింది కాబట్టి దాదాపు ఆరు శాతం నష్టం లెక్కగట్టి పరిహారం ఇస్తారు. కానీ 28 మన గంప కిందే ఉంది. అంటే ఊరి అసలు సగటు 28 దాటి ఉన్నా ఈ నాలుగు చదరాలు ఇలా రావచ్చు. పక్క ఊళ్లో అసలు సగటు 24 అయినా నాలుగు చదరాల్లో 29 వచ్చి ఒక్క రూపాయి రాకపోవచ్చు. పద్ధతి ఒకే ఒక్క అంకెను చూస్తుంది, గంపను చూడదు. అది చూడాలని నా అభిప్రాయం. ఎలా చూడాలో విధానాలు రాసేవాళ్లు తేల్చాలి, వాళ్ల దగ్గర టీ పట్టిక ఉండే ఉంటుంది.

ఇప్పుడు రెండు రాష్ట్రాల పంచాయతీ ఒకటి. దేశంలో జనన మరణాలను శాంపిల్‌తో అంచనా వేసే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ వాళ్లు ప్రసూతి మరణాల లెక్క వేస్తారు, లక్ష సజీవ జననాలకు ఎందరు తల్లులు చనిపోయారని. 2018-20 బులెటిన్లో తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45, దేశం మొత్తం మీద 97. 43, 45 పట్టుకుని మావాళ్లు గొప్పా మీవాళ్లు గొప్పా అని వాదించుకునేవాళ్లకు నా సలహా ఒకటే, ఆ పట్టికలో అంకె పక్కన 95 శాతం ఇంటర్వల్ అని ఇంకో నిలువు వరస ఉంటుంది, అది చదవండి. ఎందుకో చూడండి. శాంపిల్‌లో పదివేల జననాలు ఉన్నాయనుకుందాం, ఇది ఊరికే ఉదాహరణ. లక్షకు 45 అంటే పదివేలకు నాలుగో అయిదో. ఒక్క తల్లి ఎక్కువ చనిపోతే అంకె పది పెరుగుతుంది, ఒక్క తల్లి బతికితే పది తగ్గుతుంది. నాలుగు మరణాలకు 95 శాతం ఇంటర్వల్ కడితే లక్షకు 11 నుంచి 102 దాకా వస్తుంది. ఇంత గంపలో 43కీ 45కీ తేడా వెతకడం గాదెలో నువ్వుగింజను వెతకడమే. దేశం సగటు 97తో పోల్చుకుంటే మాత్రం, నిజమైన శాంపిల్ ఎంత ఉందో చూసి, ఏమైనా చెప్పగలమేమో ఆలోచించొచ్చు.

అలాగని రెండు ఇంటర్వల్స్ ఒకదాని మీద ఒకటి పడితే తేడా లేదని తీర్పు చెప్పేయకండి. తేడాకు విడిగా ఇంటర్వల్ కట్టాలి. రెండు వైపులా స్టాండర్డ్ ఎర్రర్ సమానంగా ఉన్న పెద్ద శాంపిళ్లలో, తేడా ఆ ఎర్రర్‌కు 2.8 రెట్లు దాటితే చాలు లెక్కకు వస్తుంది. రెండు గంపలూ విడిపోవాలంటే అది 3.9 రెట్లు ఉండాలి. మధ్యలో ఉన్నవి గంపలు తగులుకున్నా తేడా ఉన్నవే.

ఇక అసలు నన్ను భయపెట్టే సంగతి. గంప ఎంత పెద్దదైనా, పక్కింటి దొడ్లో వేస్తే పెట్ట దొరుకుతుందా?

డిగ్రీ చదివే రోజుల్లో నేను కొన్నాళ్లు పంట కోతలకు కూలీగా వెళ్లాను, చేతిఖర్చులకు. ఒకసారి ర్యాండమ్ సంఖ్య ప్రకారం చేను మధ్యకు, మోకాలి లోతు బురదలోకి పోవాలి. వాన పడి ఉంది, పాములంటే భయం. మాతో వచ్చినాయన గట్టు మీద నుంచే చూసి, "ఇక్కడే కొట్టేద్దాం, చేను అంతా ఒకటే కదా" అన్నాడు. కొట్టేశాం. గట్టు పక్కన మొక్కకు ఎండ ఎక్కువ, పక్కన పోటీ తక్కువ, గింజ బాగా పట్టింది. బరువు బ్రహ్మాండంగా వచ్చింది. ఫారంలో ఎక్కడా 'గట్టు పక్కన' అని రాయలేదు. రోజంతా అలా నాలుగు చోట్ల గట్టు పక్కనే కొడితే ఏమవుతుంది? నాలుగు బరువులూ దగ్గర దగ్గరగా వస్తాయి, స్టాండర్డ్ ఎర్రర్ తగ్గుతుంది, ఇంటర్వల్ సన్నగా, అందంగా వస్తుంది. అందంగా తప్పు చోట. ఫార్ములాకు బురద సంగతి తెలియదు, దానికి ఇచ్చిన నాలుగు అంకెలే తెలుసు.

ఇది మా ఇద్దరి బద్ధకంతో పుట్టిన సమస్య అనుకోకండి. 1940లలో మహలనోబిస్‌కూ, ఇంకో గణాంక శాస్త్రవేత్త సుఖాత్మేకూ పెద్ద వాదమే నడిచింది. మహలనోబిస్ చిన్న చదరాలు ఎక్కువ వేద్దామన్నారు, ఖర్చు తక్కువ. చిన్న చదరాల్లో దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా వస్తోందని సుఖాత్మే వైపు వాళ్లు చూపించారు. కారణం అంచు. తాడు మీద ఉన్న మొక్క లోపలిదా బయటిదా? కోసేవాడి చేయి ఎప్పుడూ లోపలికే లాగుతుంది, అది మనిషి స్వభావం. 5 మీటర్ల చదరానికి అంచు 20 మీటర్లు, లోపల 25 చదరపు మీటర్లు. ఒక మీటరు చదరానికి అంచు 4 మీటర్లు, లోపల ఒక్క చదరపు మీటరే. లోపలున్న చోటుతో పోలిస్తే అంచు అయిదు రెట్లు. తాడు దగ్గర ఒక్క గుప్పెడు ఎక్కువ కోసినా ఆ తప్పు అయిదు రెట్లవుతుంది. అలాంటి చదరాలు వెయ్యి వేసినా ఆ తప్పు పోదు, గంప మాత్రం వెయ్యి చదరాలకు తగినట్టు చిన్నదై కూర్చుంటుంది.

అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఓటెవరికని అడుగుతూ కోటి మందికి కార్డులు పంపింది, ఇరవై మూడు లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ అనే అభ్యర్థి రూజ్‌వెల్ట్ మీద గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఇరవై మూడు లక్షల శాంపిల్‌కు ఇంటర్వల్ కడితే అటూ ఇటూ శాతంలో పదో వంతు కూడా ఉండదు. కార్డులు ఎవరికి వెళ్లాయి, ఎవరు తిరిగి పంపారు అన్నదే కొంప ముంచింది. మన ఎగ్జిట్ పోల్స్ వాళ్లు "ప్లస్ ఆర్ మైనస్ మూడు శాతం" అని టీవీ కింద చిన్న అక్షరాల్లో వేసినప్పుడు, ఆ మూడు శాతంలో గట్టు పక్కన కోసిన తప్పు లేదని గుర్తు పెట్టుకుని చూడండి.

నాకిచ్చిన సమయం అయిపోయినట్టుంది, హెచ్‌వోడీ గారు వాచీ చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. దండేకర్ గుర్తున్నాడు కదా.

(మూడో వరస నుంచి ఒక విద్యార్థిని: సార్, 12.86ని మూడుతో ఎందుకు భాగించారు? చదరాలు నాలుగు కదా.)

మంచి ప్రశ్న. పుస్తకంలో ఎన్ మైనస్ వన్ అని రాసి వదిలేస్తారు. బోర్డు చూడమ్మా. తేడాలు మైనస్ 1.0, ప్లస్ 1.3, మైనస్ 2.4. నాలుగోది చెరిపేస్తున్నాను. ఇప్పుడు అది ఎంతో చెప్పగలవా? చెప్పగలవు. సగటు నుంచి తేడాలన్నీ కూడితే సున్నా రావాలి. ఈ మూడూ కూడితే మైనస్ 2.1. కాబట్టి నాలుగోది ప్లస్ 2.1 కాక చస్తుందా? నాలుగు తేడాలు రాసుకున్నా, వాటిలో స్వేచ్ఛగా ఉన్నవి మూడే. నాలుగోది మిగతావాటి చేతిలో కీలుబొమ్మ. అందుకే మూడుతో భాగిస్తాం, టీ పట్టికలో కూడా మూడో వరసే చూస్తాం.

(అదే విద్యార్థిని: అయితే ఒకే చదరం వేస్తే సార్?)

వేసి చూద్దాం. 11.2 ఒక్కటే ఉంది. సగటు 11.2. తేడా సున్నా. సున్నాను ఎంతతో భాగించాలి? ఒకటి మైనస్ ఒకటి, సున్నాతో. నీ దగ్గర కాలిక్యులేటర్ ఉందా? సున్నాను సున్నాతో భాగించు... ఏం వచ్చింది? గట్టిగా చదువు, వెనకవాళ్లకు వినబడాలి.

(విద్యార్థిని: ఎర్రర్ అని వచ్చింది సార్.)

అదే ఆన్సర్ షీట్‌లో రాయి. ఫుల్ మార్కులు.